ఇంట గెలుచుటయే కష్టము

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత వినినంతనే ఇల్లు సులభమనియు, రచ్చ కష్టమనియు మన మనస్సునకు తోచును. కాని గత కొన్ని యేండ్లుగా భారత క్రికెట్టు జట్టు ఆటను శ్రద్ధతో గమనించుచు వచ్చిన మాకు ఈ సామెతను మరియొక విధముగ చదువవలసి యున్నదని తోచుచున్నది. ఇంట గెలుచుట తేలిక కాదు. తేలిక యని తలచిన దినమున ఓటమి ఇంటి గుమ్మమునందే కాచుకొని యుండును.

మన బరంపురమునకు ఉత్తరమున కటకము, దక్షిణమున విశాఖపట్టణము కలవు. రెండును మన రైలుమార్గముననే యున్న పట్టణములు. రెండు చోట్లను అంతర్జాతీయ క్రికెట్టు పోటీలు జరుగుచుండును. కటకమున బారాబటి మైదానమునకు పోయి ఆట చూచి వచ్చినవారును, విశాఖకు బంధువుల యింటికి పోయి అచ్చటి మైదానము చూచి వచ్చినవారును గంజాము జిల్లాలో పెక్కుమంది యుందురు. మన వీధులలో ఒడియా మాటలాడు బాలురును, తెలుగు మాటలాడు బాలురును ఒకే బంతి వెనుక పరుగెత్తుదురు. కావున ఈ విషయము మన పాఠశాల పత్రికలో చర్చింపదగినదే యని మా యభిప్రాయము.

ముందుగా ఒక మాట స్పష్టము చేయవలెను. ఆటలో ఓడుట తప్పు కాదు. ఇరువురు పోటీపడిన చోట ఒకరు ఓడక తప్పదు. మమ్ము బాధించునది ఓటమి కాదు, ఎదుటివారిని చక్కగా లెక్కింపకయే బరిలోనికి దిగుట. ఆత్మవిశ్వాసమనగా తన శక్తిని తా నెఱిగి యుండుట. అతివిశ్వాసమనగా ఎదుటివాని శక్తి నెఱుగకుండుట. మొదటిది లేనివాడు బ్యాటు పట్టజాలడు. రెండవది గలవాడు పట్టిన బ్యాటును నిలుపుకొనజాలడు.

2024వ సంవత్సరమును తీసికొందము. ఆ యేడు జూన్ 29వ తేదీన బార్బడోసు ద్వీపమున జరిగిన ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు తుదిపోటీలో మనవారు దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించిరి. ఒక దశలో దక్షిణాఫ్రికాకు 30 బంతులలో 30 పరుగులు మాత్రమే కావలసి యుండెను. చేజారిన ఆటను మనవారు పట్టుదలతో తిరిగి లాగికొని వచ్చిరి. దేశమంతయు హర్షించెను. అది న్యాయమైన హర్షమే.

నాలుగు నెలలు గడువకముందే న్యూజీలాండు జట్టు మూడు టెస్టులాడుటకు మన దేశమునకు వచ్చెను. 2012లో ఇంగ్లండు చేతిలో ఓడిన పిమ్మట స్వదేశమున వరుసగా 18 టెస్టు సిరీసులను మనవారు గెలిచి యుండిరి. వచ్చిన న్యూజీలాండువారో, అంతకు ముందు నెలలోనే శ్రీలంకలో రెండు టెస్టులును ఓడి వచ్చినవారు. వారి జట్టున పేరెన్నికగన్న కేన్ విలియమ్సన్ గాయము కారణముగ ఆ సిరీసులో ఒక్క టెస్టైనను ఆడలేదు. ఇట్టి జట్టు మనలను ఏమి చేయగలదని దేశమున ఎందఱో అనుకొనిరి.

బెంగుళూరున అక్టోబరు 17వ తేదీన మబ్బు కమ్మిన ఆకాశము క్రింద, తడి వీడని పిచ్ పైన మన నాయకుడు టాసు గెలిచి బ్యాటింగు నెంచుకొనెను. జట్టంతయు 46 పరుగులకే ముగిసెను. స్వదేశమున భారత జట్టు చేసిన మిక్కిలి తక్కువ పరుగులివియే. అయిదుగురు సున్నకే వెనుదిరిగిరి. పిచ్ స్వభావమును తాను సరిగా గ్రహింపలేకపోతి నని నాయకుడు రోహిత్ శర్మ ఆ సాయంకాలమే ఒప్పుకొనెను. ఆ యొప్పుకొనుట పెద్దమనిషి లక్షణము. అయితే అదే జట్టు రెండవ ఇన్నింగ్సులో 462 పరుగులు చేసిన సంగతి గమనింపుడు. చేతిలో సత్తువ లేకపోలేదు. మొదటి దినమున లోపించినది చూపు. ఇది మన మైదానమే గదా యను ధీమాతో కన్నులు సగము మూసికొని దిగిరి. అప్పటికి ఆట చేయి జారెను. న్యూజీలాండు 8 వికెట్ల తేడాతో గెలిచెను. 1988 తరువాత ఈ దేశమున వారికి అదియే తొలి టెస్టు విజయము.

ఒక దెబ్బ తగిలిన పిమ్మట మనుష్యుడు మేలుకొనవలెను. పూనాలో ఏమి జరిగెను? ఈ మారు స్పిన్ బౌలింగునకు అనువైన పిచ్ సిద్ధమయ్యెను. స్పిన్ మన సొత్తని మన నమ్మకము. కాని న్యూజీలాండు బౌలరు మిచెల్ సాంట్నర్ ఒక్కడే ఆ టెస్టున 13 వికెట్లు పడగొట్టెను. మనవారు 113 పరుగుల తేడాతో ఓడిరి. బొంబాయిలో గెలుపునకు 147 పరుగులు చాలును. మనవారు 121 పరుగులకే ముగిసిరి. అచ్చట 11 వికెట్లు తీసిన అజాజ్ పటేల్ పుట్టినది బొంబాయి నగరముననే. చిన్నతనమున తల్లిదండ్రులతో న్యూజీలాండునకు పోయి స్థిరపడినవాడు. మన మైదానము మనకే స్వంతమని యనుకొనుచుండగా, ఆ నేల గుణమును మనకన్న బాగుగా ఎఱిగి వచ్చినవాడు ఎదుటి పక్షమున నుండెను. మూడింటికి మూడును పోయెను. మూడు టెస్టుల సిరీసున స్వదేశమున ఒక్కటియు గెలువక ఇట్లు పూర్తిగా ఓడుట భారత జట్టు చరిత్రలో అదియే మొదటిసారి.

ఇంత జరిగిన పిమ్మటనైన పాఠము తలకెక్కెనా? 2025 నవంబరులో దక్షిణాఫ్రికా కలకత్తాకు వచ్చెను. ఈడెన్ గార్డెన్సున బంతి విపరీతముగ తిరుగు పిచ్ సిద్ధము చేయబడెను. తాము కోరిన పిచ్ అదియే యని మన శిక్షకుడు గౌతమ్ గంభీర్ తరువాత చెప్పెను. కోరిన పిచ్ దొరకెను, గెలుపునకు కావలసినవి 124 పరుగులు మాత్రమే, అయినను మనవారు 93 పరుగులకే ముగిసి 30 పరుగుల తేడాతో ఓడిరి. తాను తీసిన గోతిలో తానే పడుట యన నిదియే. తరువాతి టెస్టున గౌహతిలో 408 పరుగుల తేడాతో ఓడిరి. పరుగుల లెక్కలో భారత జట్టు చరిత్రయందు ఇంత పెద్ద ఓటమి మరి యొకటి లేదు.

మన పొరుగున నున్న విశాఖపట్టణమును మరువరాదు. 2023 మార్చి 19వ తేదీన అచ్చట ఆస్ట్రేలియాతో జరిగిన ఒకదిన పోటీలో మన జట్టు 26 ఓవర్లకే 117 పరుగులు చేసి ముగిసెను. ఆస్ట్రేలియావారు ఒక్క వికెట్టైనను పోగొట్టుకొనక 11 ఓవర్లలో ఆట ముగించి పోయిరి. రెండు దినముల ముందు బొంబాయిలో మిచెల్ స్టార్క్ వేసిన మొదటి బంతికే ఎల్బీడబ్ల్యూగా వెనుదిరిగిన మన బ్యాటరొకడు విశాఖలోను అదే బౌలరు చేతిలో, అదే విధముగ, మొదటి బంతికే వెనుదిరిగెను. ఒకసారి జరిగినది ప్రమాదమనవచ్చును. రెండు దినములకే మరల జరిగినచో, మొదటి ప్రశ్నకు సమాధానము వెదకక రెండవ పరీక్షకు కూర్చుండినట్లే గదా!

ఇందుకు కొందఱు అడ్డు చెప్పుదురు. ఓడిన ప్రతి దినమున అతివిశ్వాసమని నిందించుట అభిమానులకు అలవాటైన మాట యని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. 2023 నవంబరు 19న అహమ్మదాబాదున జరిగిన ప్రపంచకప్పు తుదిపోటీని చూడుడు. అంతకు ముందు వరుసగా పది పోటీలు గెలిచిన జట్టు ఆస్ట్రేలియా చేతిలో 6 వికెట్ల తేడాతో ఓడెను. ఆ నాడు మనవారు గర్వముతో ఆడిరని చెప్పుట న్యాయము కాదు. మొదటి పది ఓవర్లలో 80 పరుగులు వచ్చినను, మిగిలిన నలుబది ఓవర్లలో బంతి నాలుగు మారులు మాత్రమే హద్దు దాటెను. ఇది గర్వము కాదు, బెదరు. మరియొక ప్రక్క ఆస్ట్రేలియా నాయకుడు పాట్ కమిన్స్ టాసు గెలిచి ముందుగా బౌలింగు నెంచుకొనెను. తుదిపోటీలో అట్లు చేయుట వింతగా తోచినను, రాత్రివేళ ఆ పిచ్ పైన బ్యాటింగు సులభమగునని అతడు లెక్క వేసికొని వచ్చెను. పరాయి దేశమువాడు మన నేలను మనకన్న శ్రద్ధగా చదివెను. 137 పరుగులు చేసిన ట్రావిస్ హెడ్ ఆ లెక్కను నిజము చేసెను.

కావున మేము ప్రతి ఓటమికిని ఒకే పేరు పెట్టుట లేదు. మా ఫిర్యాదు ఒక్క విషయమును గూర్చియే. పరాయి నేలపై చూపిన జాగ్రత్తను మనవారు స్వంత నేలపై చూపుట లేదు.

పరాయి నేలపై వారెట్లాడిరో జ్ఞప్తికి తెచ్చుకొందము. 2020 డిసెంబరు 19న ఆస్ట్రేలియాలోని అడిలైడున మన జట్టు 36 పరుగులకే ముగిసెను. టెస్టు చరిత్రలో మనకు అంతకన్న తక్కువ మొత్తము లేదు. నాయకుడు విరాట్ కోహ్లీ కుటుంబ కారణముచే స్వదేశమునకు మరలెను. ఇక ఈ జట్టు పని అయిపోయెనని లోకమనుకొనెను. పది దినములు తిరుగకముందే మెల్బోర్నున అజింక్య రహానే శతకముతో మనవారు 8 వికెట్ల తేడాతో గెలిచిరి. 2021 జనవరి 11న సిడ్నీలో కాకినాడ బిడ్డ హనుమ విహారి తొడకండరము గాయపడి, పరుగెత్తజాలక, 161 బంతులాడి 23 పరుగులతో నిలిచెను. అతనికి తోడుగ అశ్విన్ 128 బంతులాడెను. ఆ పరుగులు కొద్దియే. ఓటమి మాత్రము తప్పెను. మఱి యెనిమిది దినములకు బ్రిస్బేనున, 1988 నుండి ఆస్ట్రేలియా ఓడియుండని మైదానమున, 328 పరుగుల లక్ష్యమును మనవారు ఛేదించిరి. ఆ టెస్టు రెండవ ఇన్నింగ్సున అయిదు వికెట్లు తీసినవాడు హైదరాబాదు ఆటోరిక్షా నడుపువాని కుమారుడు మహమ్మద్ సిరాజ్. భారతీయులను ఎన్నడును తక్కువగ నెంచరాదని నేర్చుకొంటిమని ఆస్ట్రేలియా శిక్షకుడు జస్టిన్ లాంగర్ ఆ నాడు చెప్పెను. అనగా ఆ దినమున ఇంటి గర్వము వారిది, రచ్చలో జాగ్రత్త మనది.

2001 మార్చిలో కలకత్తాలోను ఇదే జరిగెను. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా 274 పరుగుల ఆధిక్యము చూచుకొని మనలను ఫాలోఆను ఆడించెను. హైదరాబాదువాడైన లక్ష్మణ్ 281 పరుగులును, ద్రావిడ్ 180 పరుగులును చేయగా ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడెను. గెలుపు చేతికి వచ్చెనని తలచినవాడు ఓడిన కథలు క్రికెట్టులో కోకొల్లలు. అందు కొన్నిట మనము లాభపడితిమి, కొన్నిట నష్టపడితిమి. లాభపడిన కథలను మాత్రమే చెప్పుకొనుట మన బలహీనత.

ఈ దోషము ఆటగాండ్రది మాత్రమే యనుట అన్యాయము. పోటీకి ముందు రోజుననే విజయోత్సవమునకు బాణసంచా కొనువారును, టాసు పడకముందే తుదిఫలము ప్రకటించు వ్యాఖ్యాతలును ఇందు భాగస్వాములే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, బంతి పడకముందే కప్పునకు స్థలము వెదకుదురు. గెలుపు తమ హక్కని తలచినవారికి ఓటమి అవమానముగ తోచును, అవమానము కోపమగును. 2015 అక్టోబరు 5న మన కటకమున దక్షిణాఫ్రికాతో జరిగిన ఇరువది ఓవర్ల పోటీలో మన జట్టు 92 పరుగులకే ముగియగా, ప్రేక్షకులలో కొందఱు మైదానములోనికి నీటి సీసాలు విసరి ఆటను పలుమారు ఆపించిరి. 1996 మార్చి 13న కలకత్తాలో ప్రపంచకప్పు సెమీఫైనలునందును ఇట్లే జరిగి, ఆట మధ్యలో ఆగిపోయి శ్రీలంక గెలిచినట్లు ప్రకటింపబడెను. అతిథి యెదుట ఇంటివారు కంచము విసరికొట్టిన యెడల ఎవరికి నగుబాటు? సీసా విసరిన చేతులు కొద్దియే కావచ్చును. కాని తలవంపులు ఊరంతటికిని వచ్చెను.

మఱి స్వంత నేలపై గర్వము లేక గెలుచుట సాధ్యమేనా? సాధ్యమని మన మహిళా జట్టు చూపించెను. 2025 ప్రపంచకప్పు పోటీలు మన దేశమున జరిగినప్పుడు అక్టోబరు 9న దక్షిణాఫ్రికా చేతిలోను, 12న ఆస్ట్రేలియా చేతిలోను వారు విశాఖపట్టణముననే ఓడిరి. రెండవ పోటీలో 330 పరుగులు చేసియు ఓడిరి. పిమ్మట ఇండోరున ఇంగ్లండు చేతిలో ఓడిరి. వరుసగా మూడు ఓటములు! ఇక తమ నేల తమ్ము కాపాడునను భ్రమ వారికి మిగులలేదు. అక్టోబరు 30న సెమీఫైనలున ఆస్ట్రేలియా ఉంచిన 339 పరుగుల లక్ష్యమును జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో నిలిచి సాధింపగా, నవంబరు 2న తుదిపోటీలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారిగ ప్రపంచకప్పు నందుకొనిరి. కడప జిల్లా తెలుగుబిడ్డ శ్రీచరణి ఆ పోటీలలో 14 వికెట్లు తీసెను. క్రికెట్టు మగపిల్లల ఆట యని మన యిండ్లలో ఇంకను అనువారున్నచో ఈ లెక్కను వారికి వినిపింపుడు.

ఇంటి ధీమా ఎట్లు పెరుగునో ఒక్క ఉదాహరణ చాలును. పెద్ద ఆటగాండ్రు చాల కాలము రంజీ పోటీల కేసి చూడలేదు. విరాట్ కోహ్లీ 2012 తరువాత మరల రంజీ ఆడినది 2025 జనవరిలో. స్పిన్ బంతిని ఎదుర్కొనుట మనవారికి పుట్టుకతో వచ్చిన విద్య యని అందఱును నమ్మిరి. పుట్టుకతో వచ్చినదైనను సాన పట్టనిచో మొద్దుబారును. అదే జనవరిలో రోహిత్ శర్మ మొదలైన అంతర్జాతీయ ఆటగాండ్రతో నిండి, 42 మారులు రంజీ గెలిచిన బొంబాయి జట్టు తన స్వంత మైదానమున జమ్మూకాశ్మీరు చేతిలో ఓడెను. పేరులు పరుగులు చేయవు. సాధన చేయును.

విద్యార్థులారా, ఇంతవరకు చెప్పినది క్రికెట్టును గూర్చియే. కాని ఈ పత్రిక తెలుగు పాఠశాలది. మనకును ఒక స్వంత మైదానము కలదు. అది మన మాతృభాష. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు బరంపురము మద్రాసు రాజధాని నుండి అందు చేరెను. నాటి నుండి ఇచ్చటి తెలుగువారు ఒడియాను గౌరవముతో నేర్చుకొనుచున్నారు; అది రాష్ట్రభాష, ఇరుగుపొరుగు భాష, నేర్వవలసినదే. ఆంగ్లమును భయముతో చదువుచున్నారు. ఉద్యోగములకు అదియు కావలసినదే. తెలుగు దగ్గరకు వచ్చుసరికి, ఇది మన భాషయే గదా, చదువనేల యను మాట వినవచ్చును. పరీక్షకు ముందు రాత్రి తెలుగు పుస్తకము చిట్టచివరకు తెరువబడును. ఫలితము వచ్చినప్పుడు మార్కులు తగ్గిన పాఠ్యాంశము తెలుగే యగుట మన ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. వ్రాతలో వత్తులు జారును, సంధులు చెదరును, ఉత్తరము వ్రాయబోయిన మాట దొరకదు.

బెంగుళూరున 46 పరుగులకు ముగిసిన జట్టునకును, మాతృభాషలో తప్పిన విద్యార్థికిని రోగమొక్కటే. ఇంటిలో నున్నది ఎక్కడికి పోవునను నమ్మకము. సంఖ్యలో తక్కువగా నున్న మనవంటివారికి ఈ నమ్మకము మరింత ప్రమాదకరము. క్రికెట్టు జట్టునకు ఒక సిరీసు పోయిన మరియొకటి వచ్చును. చదువువారు లేక ఒక తెలుగు తరగతి మూతపడినచో మరల తెరువబడుట దుర్లభము.

తుదిగా మా మనవి యిది. భారత జట్టు గెలిచినప్పుడు మనసార చప్పట్లు కొట్టుడు. గెలువకముందు ఎదుటి జట్టువారి పేర్లు తెలిసికొనుడు, వారి బలమేమో లెక్క వేయుడు. అభిమానమునకు ఇది లోపము కాదు, ఆభరణము. సిడ్నీలో కాలు కదలని స్థితిలో 161 బంతులు కాచుకొన్న కాకినాడ యువకుని ఓర్పు మన మైదానములందును, మన తెలుగు తరగతి గదులందును ఉండవలెనని మేము కోరుచున్నాము. నిండుకుండ తొణకదు. కుండ నిండినదో లేదో మూత తీసి చూచుకొనుట మాత్రము దాని యజమాని పని.